నకిరేకల్ చేజారింది, సాగర్ దక్కింది: నోముల నర్సింహయ్య ఎన్నికల లెక్క

2018 డిసెంబర్ 11న నాగార్జునసాగర్ ఫలితం రాగానే నల్లగొండ జిల్లా అంతా ఒకటే మాట: జానారెడ్డి ఓడిపోయిండట. గెలిచిన మనిషి పేరు ఆ తర్వాతి మాటలో వచ్చింది. జానారెడ్డి అంటే ఏడుసార్లు ఎమ్మెల్యే, ఒకప్పటి హోంమంత్రి, అప్పుడే రద్దయిన సభలో ప్రతిపక్ష నేత. అలాంటాయన 7,771 ఓట్ల తేడాతో ఓడితే వార్త అదే అవుతుంది మరి. కానీ ఓట్ల పట్టిక ముందేసుకుని కూర్చుంటే ఒక వింత కనిపిస్తుంది. 2014లో జానారెడ్డి గెలిచినప్పుడు ఆయనకు పడ్డ ఓట్లు 69,684. 2018లో ఓడినప్పుడు పడ్డవి 75,884. ఓడిన ఏడాదే ఆయనకు 6,200 ఓట్లు ఎక్కువొచ్చాయి.

‘కంచుకోట బద్దలైంది’ అని మర్నాడు పత్రికలు రాయడం మామూలే. ఈ అంకెలు చూస్తే మాత్రం ఆయన ఓట్లు ఆయన దగ్గరే ఉన్నాయి, మారింది ఎదుటి పక్షం. ఆ ఎదుటి పక్షంలో నిలబడ్డ నోముల నర్సింహయ్య సాగర్ మనిషి కూడా కాదు. ఎర్రజెండా కింద రాజకీయం నేర్చుకుని, సొంత నియోజకవర్గాన్ని పునర్విభజనలో పోగొట్టుకుని, పార్టీ మారి, పక్క ప్రాంతానికి వచ్చి, అక్కడ ఒకసారి ఓడి, రెండోసారి గెలిచిన నాయకుడు. దక్షిణ తెలంగాణలో ఎమ్మెల్యే అనేవాడు ఎలా తయారవుతాడో, ఎలా చెల్లాచెదురవుతాడో చూడటానికి ఆయన ప్రయాణం మంచి ఉదాహరణ.

నోముల ఊరు నకిరేకల్ దగ్గరి పాలెం. లా చదువుకున్నారు. విద్యార్థి ఉద్యమం నుంచి సీపీఎంలోకి, అక్కడి నుంచి మండల పరిషత్ రాజకీయాల్లోకి వచ్చారు. అప్పటి నకిరేకల్ అంటే నర్రా రాఘవరెడ్డి. 1967లో మొదటిసారి గెలిచి, 1972 పోను 1978 నుంచి 1994 దాకా వరసగా ఐదుసార్లు, మొత్తం ఆరుసార్లు ఎమ్మెల్యే అయిన సీపీఎం నాయకుడు. ఆయన తర్వాత ఆ టికెట్ ఎవరికిచ్చినా పోలిక తప్పదు. 1999లో అది నోములకు దక్కింది.

ఆ 1999 ఎన్నికను కాస్త ఆగి చూడాలి. నోముల గురించి రాసేవాళ్లు సాధారణంగా ‘రెండుసార్లు నకిరేకల్ నుంచి గెలిచారు’ అని ఒక్క ముక్కలో ముగించి 2018కి వెళ్లిపోతారు. నిజానికి ఆయన జీవితంలో పెద్ద గెలుపు 1999దే అనిపిస్తుంది. 1985 నుంచి 1994 దాకా మూడు ఎన్నికల్లో కమ్యూనిస్టులకు తెలుగుదేశం పొత్తు ఉంది. సైకిల్ ఓట్లు, కొడవలి ఓట్లు కలిసి పడేవి. 1999లో చంద్రబాబు బీజేపీతో కలవడంతో ఆ బంధం తెగింది. కాంగ్రెస్‌తోనూ పొత్తు లేదు. ఆ ఏడాది 294 సీట్ల ఉమ్మడి రాష్ట్రంలో సీపీఎంకు వచ్చినవి రెండంటే రెండు: భద్రాచలం, నకిరేకల్. రెండు పెద్ద పార్టీలూ ఎదురుగా ఉండగా, కొత్త అభ్యర్థి, పెద్దాయన నీడలోంచి వచ్చిన మనిషి, సొంత కేడర్ ఓట్లతో బయటపడ్డారు. ఊరూరా పార్టీ శాఖ, ప్రజాసంఘాల సభ్యత్వాలు, కూలి పోరాటాల జ్ఞాపకం కలిసి ఓటుగా మారడం అంటే ఏమిటో ఆ ఫలితం చూస్తే తెలుస్తుంది.

2004లో పని తేలికైంది. కాంగ్రెస్, టీఆర్ఎస్, వామపక్షాలు ఒకే వైపు ఉన్నాయి. సీపీఎం బలం తొమ్మిదికి పెరిగింది, నోముల శాసనసభాపక్ష నేతగా ముందు వరసలో నిలిచారు. సభలో ఆయన మాట్లాడుతుంటే నల్లగొండ యాస, సామెత, వెటకారం మూడూ కలిసొచ్చేవి. అధికార పక్షం వాళ్లు కూడా నవ్వుతూ వినేవాళ్లు, ఆ తర్వాతే అడ్డు తగిలేవాళ్లు.

గీత గీసిన చేయి

2009 ఎన్నికలకు ముందు నియోజకవర్గాల హద్దులు, రిజర్వేషన్లు మార్చే పునర్విభజన వచ్చింది. దీని గురించి జిల్లాలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు గానీ రాసింది తక్కువ. పాత నల్లగొండ జిల్లాకు అంతకు ముందు 12 సీట్లు, ఆ తర్వాతా 12 సీట్లే. పైకి చూస్తే ఏమీ మారనట్టే. లోపల మాత్రం ఇల్లంతా సర్దేశారు. రామన్నపేట నియోజకవర్గం మాయమైంది. హుజూర్‌నగర్ తిరిగొచ్చింది. చలకుర్తి పేరు పోయి నాగార్జునసాగర్ అయింది. ఎస్సీ రిజర్వుడు స్థానాలు అంతకు ముందు సూర్యాపేట, ఆలేరు. అవి జనరల్ అయి, వాటి బదులు నకిరేకల్, తుంగతుర్తి రిజర్వు అయ్యాయి. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం రద్దయి భువనగిరి పుట్టింది.

దాంతో జిల్లాలో పేరున్న ప్రతి నాయకుడూ కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. కోదాడలో రెండుసార్లు గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి హుజూర్‌నగర్ వెళ్లి గెలిచారు. తుంగతుర్తి రిజర్వు కావడంతో రాంరెడ్డి దామోదర్ రెడ్డి అప్పుడే జనరల్ అయిన సూర్యాపేటకు మారి గెలిచారు. ఆలేరులో ఐదుసార్లు గెలిచిన మోత్కుపల్లి నర్సింహులు రిజర్వేషన్ ఎటు వెళ్తే అటు, తుంగతుర్తికి వెళ్లి టీడీపీ టికెట్ మీద గెలిచారు. జానారెడ్డికైతే అంత శ్రమ కూడా లేదు. బోర్డు మీద పేరు చలకుర్తి నుంచి సాగర్‌కు మారింది, ఊళ్లు చాలావరకు పాతవే.

నోములకు మాత్రం ఆ దారి లేకపోయింది. నకిరేకల్ ఎస్సీ రిజర్వు అయింది, ఆయన యాదవ సామాజికవర్గం. పక్క సీటుకు పోదామంటే పొత్తు లెక్కలు అడ్డం. 2009 మహాకూటమిలో టీడీపీ, టీఆర్ఎస్, సీపీఐ, సీపీఎం అన్నీ ఉన్నాయి. జిల్లాలో సీపీఎం వాటాకు వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేవి, అందులోనూ ఒక్కోదానికి ఎప్పటినుంచో పనిచేస్తున్న నాయకుడు ఒకరు ఉన్నారు. కాంగ్రెస్‌లో అయితే ఒక బలమైన నాయకుడు ఢిల్లీ దాకా వెళ్లి పక్క సీటు పట్టుకొస్తాడు. కేడర్ పార్టీలో అలా కుదరదు. పార్టీ నిర్ణయిస్తుంది, నాయకుడు తలూపుతాడు. పార్టీ ఆయన్ను కొత్త భువనగిరి లోక్‌సభకు నిలబెట్టింది. నకిరేకల్ ఆ పార్లమెంటు పరిధిలోనే ఉంది కాబట్టి కాగితం మీద తర్కం బాగానే ఉంది. కానీ ఏడు అసెంబ్లీ సీట్ల మైదానంలో ఒక్క నకిరేకల్ కేడర్ ఎంత దూరం లాగుతుంది? మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డ కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి చేతిలో 1.39 లక్షల ఓట్ల తేడాతో ఓడిపోయారు. నకిరేకల్ కూడా పార్టీ చేతుల్లోంచి జారింది, చిరుమర్తి లింగయ్య కాంగ్రెస్ నుంచి గెలిచారు. ఆ ఏడాది రాష్ట్రం మొత్తంలో సీపీఎంకు మిగిలింది మిర్యాలగూడ ఒక్కటే.

ఇక్కడ నోముల పార్టీ మారడాన్ని తప్పుపట్టే వాళ్లున్నారు, సమర్థించే వాళ్లూ ఉన్నారు. రెండిటికన్నా ఆయన ముందున్న పరిస్థితిని చూడటం మేలు. 2009 డిసెంబర్ తర్వాత తెలంగాణ ఉద్యమం ఊళ్లను కమ్మేసింది. సీపీఐ ప్రత్యేక రాష్ట్రం వైపు నిలిచింది. సీపీఎం భాషాప్రయుక్త రాష్ట్రాల విధానం దగ్గరే ఆగింది. నల్లగొండ పల్లెల్లో జెండా పట్టుకుని తిరిగే సీపీఎం కార్యకర్తకు ఆ ఐదేళ్లు గడ్డుకాలం. సొంత సీటు లేదు, పార్టీ లైన్ జనానికి ఎక్కడం లేదు, వయసు యాభై దాటింది. 2014 ఎన్నికల ముందు ఆయన టీఆర్ఎస్ గులాబీ కండువా కప్పుకున్నారు. కేసీఆర్ ఆయనకు ఇచ్చిన సీటు నాగార్జునసాగర్.

కాల్వ కింద, కాల్వ పైన

సాగర్ టికెట్ అప్పట్లో బహుమతి కాదు. 2014లో పాత జిల్లాలోని 12 సీట్లలో టీఆర్ఎస్ ఆరు గెలిచింది. ఆ ఆరూ ఎక్కడున్నాయో చూడండి: ఆలేరు, భువనగిరి, తుంగతుర్తి, సూర్యాపేట, నకిరేకల్, మునుగోడు. సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు పరుచుకున్న నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ నాలుగూ కాంగ్రెస్‌కే పోయాయి, వాటికి తోడు నల్లగొండ. నీళ్లున్న చోట ఉద్యమ గాలి అంతగా తగల్లేదు. ఆ కష్టమైన నాలుగింటిలో, అందరికన్నా సీనియర్ మీదికి, వేరే ఊరి మనిషిని పంపించారు.

జానారెడ్డి సంగతి కూడా రెండు మాటల్లో చెప్పుకోవాలి. అనుముల ఆయన ఊరు. 1983లో, 1985లో తెలుగుదేశం నుంచి చలకుర్తిలో గెలిచారు. ఎన్టీఆర్‌తో పొసగక బయటికొచ్చి కాంగ్రెస్‌లో చేరి 1989లో గెలిచారు. 1994లో టీడీపీ అభ్యర్థి గుండెబోయిన రామ్మూర్తి యాదవ్ చేతిలో ఓడారు. మళ్లీ 1999 నుంచి 2014 దాకా వరసగా నాలుగు గెలుపులు. వైఎస్ ప్రభుత్వంలో హోంమంత్రి, ఆ తర్వాత కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో పంచాయతీరాజ్. ఇంత చరిత్ర ఉన్నా 2009లో ఆయన మెజారిటీ 6,214 మాత్రమే, తేరా చిన్నపరెడ్డి మీద. కోట అన్నది పైనుంచి కనిపించినంత గట్టిది కాదని అప్పుడే ఎవరైనా గమనించి ఉండాల్సింది.

సాగర్ నియోజకవర్గానికి ఒక విచిత్రమైన స్వభావం ఉంది. దేశంలో పెద్ద ఆనకట్టల్లో ఒకటి దీని ఒడిలోనే ఉంది. నిడమనూరు, త్రిపురారం, హాలియా వైపు ఎడమ కాల్వ కింద వరి పండుతుంది. అదే నియోజకవర్గంలో పెద్దవూర, తిరుమలగిరి వైపు ఎత్తు భూములు, లంబాడీ తండాలు. కళ్ల ముందు కృష్ణమ్మ నిండుగా కనిపిస్తుంటే చేనుకు మాత్రం బోరే దిక్కు. గుర్రంపోడు వైపు బత్తాయి తోటలు, వాటికీ భూగర్భ జలమే ఆధారం. కాబట్టి ఇక్కడ ఎమ్మెల్యేను అడిగే ప్రశ్నలు రెండు రకాలు. కాల్వ కింద ఊళ్లో ‘చివరి భూములకు నీళ్లెప్పుడు?’ అంటారు. కాల్వ పైన తండాలో ‘అసలు మాకు నీళ్లెప్పుడు?’ అంటారు. రెండో ప్రశ్నకు లిఫ్టు, అంటే నీళ్లను పైకి తోడే ఎత్తిపోతల పథకం తప్ప జవాబు లేదు. లిఫ్టు అంటే ప్రభుత్వం దగ్గర డబ్బు, అంటే అధికార పార్టీ. 2014 తర్వాత ప్రతిపక్ష నేత సీటులో ఉన్న ఊళ్లకు ఈ విషయం రోజురోజుకూ బాగా అర్థమైంది.

2014లో నోముల 53,208 ఓట్లు తెచ్చుకుని 16,476 తేడాతో ఓడారు. టీడీపీ అభ్యర్థి చెప్పుకోదగ్గ ఓట్లతో మూడో స్థానంలో నిలిచారు. అంటే కాంగ్రెస్ వ్యతిరేక ఓటు రెండుగా చీలింది. 2018కి వచ్చేసరికి టీడీపీ కాంగ్రెస్‌తో కలిసి ప్రజాకూటమిలో ఉంది. కాగితం మీద లెక్కేస్తే సైకిల్ ఓట్లన్నీ చేయి గుర్తుకు చేరి జానారెడ్డి మెజారిటీ రెట్టింపు కావాలి. జరిగింది వేరు. జానారెడ్డికి పెరిగినవి 6,200. నోములకు పెరిగినవి 30,447. నాయకులు వేదిక మీద చేతులు కలిపినంత తేలిగ్గా కింద ఓట్లు కలవవు. దశాబ్దాల పాటు జానారెడ్డికి ఎదురునిలిచి, తెలుగుదేశం అంటేనే జానారెడ్డి వ్యతిరేకం అనుకున్న ఊళ్లో, ఒక్క రాత్రిలో చేయి గుర్తు నొక్కమంటే నొక్కుతారా? ఆ ఓటు తన పాత పగను వెతుక్కుంటూ కారెక్కింది.

దీనికి కులం లెక్క కూడా కలిసింది. నియోజకవర్గంలో యాదవులు గట్టి సంఖ్యలో ఉన్నారని అన్ని పార్టీలూ ఒప్పుకుంటాయి. 1994లో జానారెడ్డిని ఓడించిందీ యాదవ అభ్యర్థే, 2018లో ఓడించిందీ యాదవ అభ్యర్థే. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం సరిగ్గా ఈ వర్గం గడపలోకి వచ్చింది. యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. విలువ 1.25 లక్షలు, అందులో లబ్ధిదారుడు కట్టాల్సిన వాటా 31,250 రూపాయలు. బ్యాంకులో డీడీ తీసి, వెటర్నరీ ఆఫీసులో ఇచ్చి, లారీ ఎక్కి పక్క రాష్ట్రం పోయి జీవాలను ఎంచుకుని తెచ్చుకోవాలి. ఆ గొర్రెలు ఎన్ని బతికాయి, ఎన్ని మళ్లీ సంతకు పోయాయి అన్నది వేరే కథ. ఎన్నికల ఏడాదిలో మంద ఇంటి ముందు ఉంది, ఓటు అడగడానికి వచ్చినాయన అదే కులం. దానికి తోడు 2018 మే నుంచి రైతుబంధు కింద ఎకరానికి 4,000 చొప్పున చెక్కులు వచ్చాయి. నోముల సొంత బలం ఇందులో ఎంత అని తూకం వేయడం కష్టం. ఓడిన తర్వాత నాలుగేళ్లు నియోజకవర్గం వదలకుండా తిరిగారన్నది మాత్రం ఆయన ఖాతాలో వేయాల్సిందే.

అదే గాలిలో ఇతర చోట్లా పెద్ద తలలు వాలాయి. నల్లగొండలో కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి, కొడంగల్‌లో రేవంత్‌రెడ్డి, గద్వాలలో డీకే అరుణ, అందరూ 2018లోనే ఓడారు. దక్షిణ తెలంగాణలో కాంగ్రెస్ పెద్దలను ఎంచి ఎంచి ఓడించడం టీఆర్ఎస్ ఆ ఎన్నికలో పెట్టుకున్న పని అనిపిస్తుంది. కాబట్టి సాగర్ ఫలితాన్ని నోముల ఒక్కడి ప్రతాపంగా చూడనక్కర్లేదు, కేవలం గాలి అని కొట్టేయనూ అక్కర్లేదు.

గెలిచాక కూడా ‘స్థానికేతరుడు’ అన్న మాట నోములను వదల్లేదు. స్థానిక టీఆర్ఎస్ నాయకులకు ఆయన మీద అలక ఉండేది. ఈ అలకను పార్టీ ఎలా సర్దిందో చూస్తే మన రాజకీయాల్లో ఎమ్మెల్సీ పదవి దేనికి పనికొస్తుందో తెలుస్తుంది. 2019లో నల్లగొండ స్థానిక సంస్థల ఎమ్మెల్సీ సీటు ఖాళీ అయితే అది తేరా చిన్నపరెడ్డికి వెళ్లింది. 2021 డిసెంబర్‌లో అదే సీటు ఎంసీ కోటిరెడ్డికి వెళ్లింది. ఇద్దరూ సాగర్ రాజకీయాల్లో పేరున్నవాళ్లే. ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు ఓటేసే ఆ సీటు జిల్లా మొత్తానిది, వాడింది మాత్రం ఒక నియోజకవర్గం పుండుకు మందుగా.

2020 డిసెంబర్ 1న నోముల నర్సింహయ్య చనిపోయారు. వయసు 64. సాగర్ ఎమ్మెల్యేగా పోయిన మనిషికి అంత్యక్రియలు నకిరేకల్ పాలెంలో జరిగాయి. పునర్విభజన గీత ఆయన్ను పదేళ్ల పాటు బయట తిప్పి మళ్లీ అక్కడికే తెచ్చింది.

ఉప ఎన్నిక వచ్చిన సమయం టీఆర్ఎస్‌కు టెన్షన్ పుట్టించేది. నోముల మరణానికి నెల ముందే దుబ్బాక ఉప ఎన్నికలో, చనిపోయిన ఎమ్మెల్యే భార్యకు టికెట్ ఇచ్చి 1,079 ఓట్ల తేడాతో బీజేపీ చేతిలో ఓడారు. సానుభూతి ఒక్కటే చాలదని అక్కడ తెలిసింది. సాగర్‌లో నోముల కొడుకు భగత్‌కు టికెట్ ఇచ్చారు గానీ సానుభూతి మీద వదిలేయలేదు. షెడ్యూల్ రాకముందే, 2021 ఫిబ్రవరి 10న కేసీఆర్ నెల్లికల్ దగ్గర లిఫ్టులకు శంకుస్థాపన చేసి హాలియాలో సభ పెట్టారు. కాల్వ పైన ఊళ్ల పాత ప్రశ్నకు అది జవాబు, లేదా జవాబు ఇస్తామన్న మాట. ఏప్రిల్ 14న మళ్లీ హాలియాలోనే సభ. అప్పటికే కరోనా రెండో అల సాగుతోంది. ఏప్రిల్ 17న పోలింగ్, రెండు రోజులకే ముఖ్యమంత్రికి పాజిటివ్ అని వార్త. ఊళ్లలో జబ్బు, వీధుల్లో ప్రచార రథాలు. ఆ నెల ఎన్నిక జరపకుండా ఉండాల్సిందని అప్పుడూ అన్నారు, ఇప్పుడు వెనక్కి తిరిగి చూసినా అదే అనిపిస్తుంది.

మే 2న నల్లగొండలో కౌంటింగ్ జరిగింది. ఈ లెక్కింపు హాలు లోపల ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. సాగర్‌లో ఓటర్లు దాదాపు 2.20 లక్షలు, పోలింగ్ కేంద్రాలు 346. ఒక రౌండ్‌కు 14 టేబుళ్లు, కాబట్టి 25 రౌండ్లు. బరిలో 41 మంది, నోటాతో కలిపి 42 మీటలు. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పట్టేవి 16 కాబట్టి ఒక్కో బూత్‌లో మూడు యూనిట్లు పక్కపక్కన పెట్టాల్సి వచ్చింది. లెక్కింపు రోజు కంట్రోల్ యూనిట్ మీద రిజల్ట్ మీట నొక్కితే ఒక్కో అభ్యర్థి అంకె వరసగా తెర మీదికి వస్తుంది, నలభై రెండూ అయ్యేదాకా. జాలీకి అవతల కూర్చున్న ఏజెంటు మెడ చాచి ఆ ఎర్రంకెలను నోటుబుక్కులో గీసుకుంటాడు. పోలింగ్ రోజు తీసుకున్న 17సి కాగితంతో, అంటే ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిచ్చిన ఫారంతో, మొత్తం సరిపోయిందా లేదా చూస్తాడు. అతనికి ఆ మిషన్ ఏ ఊరిదో తెలుసు, కొన్నిసార్లు ఏ వాడదో కూడా తెలుసు. కొన్ని రౌండ్లు అయ్యేసరికి ఏ ఊళ్లో ఎవరు మాట తప్పారో అతని పుస్తకంలో ఉంటుంది. టీవీలో ఆధిక్యం అంకె మారేలోపే ఊళ్లకు ఫోన్లు వెళ్తాయి.

ఆ పుస్తకాల్లో చివరికి తేలింది ఇది: భగత్‌కు 89,804, జానారెడ్డికి 70,932. తేడా 18,872. బీజేపీ తరఫున లంబాడీ అభ్యర్థి రవికుమార్ నాయక్ 7,676 ఓట్ల దగ్గర ఆగి డిపాజిట్ పోగొట్టుకున్నారు. దుబ్బాక ఇక్కడ మళ్లీ జరగలేదు. మూడో పక్షానికి చోటు లేని ముఖాముఖి పోరు అది. 2018తో పోలిస్తే టీఆర్ఎస్‌కు పెరిగింది 6,149 ఓట్లు, జానారెడ్డికి తగ్గింది 4,952. అంటే ఇంత హడావుడి, ఇంత యంత్రాంగం, రెండు ముఖ్యమంత్రి సభలు, ఒక మరణం తాలూకు జాలి, అన్నీ కలిపి కదిలించింది పదకొండు వేల ఓట్ల తేడాను. జానారెడ్డి వైపు ఇంకా 70 వేల ఓట్లు కదలకుండా ఉన్నాయని ఆ రోజు పెద్దగా ఎవరూ రాయలేదు.

2023లో కథ తిరగబడింది. జానారెడ్డి కొడుకు జయవీర్ రెడ్డికి 1,19,831 ఓట్లు, భగత్‌కు 63,982. మెజారిటీ 55,849. రెండున్నరేళ్లలో భగత్ పోగొట్టుకున్నవి 25,822 ఓట్లు, కాంగ్రెస్‌కు పెరిగినవి 48,899. ఒక వైపు పోయిన ఓట్లన్నీ ఇటు వచ్చాయనుకున్నా ఇంకా 23 వేలు లెక్కకు ఎక్కువే ఉన్నాయి. కొత్త ఓటర్లు, కిందటిసారి వేరే గుర్తులకు వేసినవాళ్లు కూడా ఇటే మళ్లారన్నమాట. ప్రత్యర్థి చీలికతో గెలుపోటములు తేలుతాయని పైన చేసిన వాదన ఈ ఫలితానికి పనికిరాదు. ఇది ఊడ్చేసే గాలి. పాత జిల్లాలో 12లో 11 కాంగ్రెస్‌వే, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌కు మిగిలింది సూర్యాపేట ఒక్కటే. అప్పుడు అభ్యర్థి తండ్రి ఎవరన్నది, కులం ఏమిటన్నది, లిఫ్టు ఎంతవరకు వచ్చిందన్నది ఫలితాన్ని మార్చేంత బరువున్నవి కావు. గొర్రెల కోసం డీడీలు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్ల కోపం మాత్రం 2018 నాటి మందకు వడ్డీతో సహా బదులిచ్చి ఉంటుంది.

ఉప ఎన్నికలు ఈ జిల్లాను తప్పుదారి పట్టించాయన్నది సాగర్ ఒక్కదాని సంగతి కాదు. 2019 అక్టోబర్‌లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికను టీఆర్ఎస్ 43,358 ఓట్లతో గెలిచింది. నాలుగేళ్లకు అదే హుజూర్‌నగర్‌లో ఉత్తమ్‌కుమార్ రెడ్డి 44,888 ఓట్లతో గెలిచారు. 2022 నవంబర్‌లో మునుగోడును 10,309 ఓట్లతో దక్కించుకున్నారు. ఏడాదికే అక్కడ రాజగోపాల్ రెడ్డి, ఈసారి మళ్లీ కాంగ్రెస్ గుర్తు మీద, 40,590 మెజారిటీతో వచ్చారు. మూడు ఉప ఎన్నికలు, మూడు విజయోత్సవాలు, ఆ తర్వాత మూడూ పోయాయి. ఉప ఎన్నికలో ప్రభుత్వం ఒక్క నియోజకవర్గం మీద కూర్చుంటుంది. మండలానికో మంత్రి, ఊరికో ఎమ్మెల్యే దిగుతారు. ఓటరు ఆ కొన్ని వారాలు తన పని చేయించుకుంటాడు, ఆ మేరకు ఓటేస్తాడు. సాధారణ ఎన్నికలో ఆ మంత్రులందరూ తమ తమ ఊళ్లలో చిక్కుకుని ఉంటారు.

ఇక నకిరేకల్. నోముల వదిలి వచ్చిన ఆ సీటులో 2014 నుంచి పోటీ ఇద్దరి మధ్యే నడుస్తోంది. 2014లో టీఆర్ఎస్ నుంచి వేముల వీరేశం గెలిచారు, కాంగ్రెస్ నుంచి చిరుమర్తి లింగయ్య ఓడారు. 2018లో అవే గుర్తుల మీద లింగయ్య గెలిచి, ఆ తర్వాత గులాబీ పార్టీలో చేరారు. 2023లో వీరేశం కాంగ్రెస్ నుంచి నిలబడి బీఆర్ఎస్ అభ్యర్థి లింగయ్యను ఓడించారు. ఇద్దరూ కండువాలు మార్చుకున్నారు, మనుషులు మాత్రం వాళ్లే. నర్రా రాఘవరెడ్డి ఆరుసార్లు, నోముల రెండుసార్లు గెలిచిన చోట కొడవలి, సుత్తి, చుక్క గుర్తు ఇప్పుడు గెలుపు లెక్కలోకే రావడం లేదు. సీటు రిజర్వు కావడంతో నాయకుడు పోయాడు, నాయకుడితో పాటు కేడర్‌లో కొంత పోయింది, మిగిలినది ఉద్యమంలో కరిగింది.

రాష్ట్ర విభజన చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణ అసెంబ్లీ సీట్లను 119 నుంచి 153కు పెంచాలంటుంది. అది వెంటనే చేయాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాతి తొలి జనగణన అంకెలు రావాలి. అవి వచ్చాక సాగర్ పటం మీద, నకిరేకల్ పటం మీద మళ్లీ గీతలు పడతాయి. ఏ మండలం ఎటు పోతుంది, ఏ సీటు రిజర్వు అవుతుంది అన్నదాని మీద హాలియా చౌరస్తాలో ఇప్పటికే ఎవరి అంచనా వాళ్లకుంది.